కళేబరాలు ఎత్తే నాన్నకు ఏం చెప్పాలి?

ప్రశ్న: మా నాన్న కోస్తాలోని ఒక పురపాలక సంఘంలో ఔట్‌సోర్సింగ్ పారిశుద్ధ్య కార్మికుడు. ఊళ్లో కుక్క చచ్చినా, ఆవు చచ్చినా, పంది చచ్చినా మేస్త్రీ ముందుగా ఆయనకే ఫోను చేస్తాడు. గ్లౌజులు ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని వెళ్తారు. నాలుగు రోజుల కిందట రోడ్డు మీద బండి గుద్ది చచ్చిన కుక్కను ఎత్తుతుంటే విరిగిన ఎముక గుచ్చుకుని అరచేతికి గాయమైంది. పసుపు పెట్టుకుని ఊరుకున్నారు. సూది వేయించుకోమంటే “చచ్చిన కుక్క కరుస్తుందా” అంటున్నారు. ఆ వాసనకు ఊపిరితిత్తులు పాడవుతాయని అమ్మ భయం. అదే బట్టలతో ఇంటికి వస్తారు, తమ్ముడికి ఇంకా మూడేళ్లే. వాసన తట్టుకోవడానికని ఈ మధ్య మందు తాగి వెళ్తున్నారు. మేం ఏం చేయాలి?
— ఒక డిగ్రీ విద్యార్థిని

సమాధానం:

అమ్మా, మిగతా విషయాలన్నీ తర్వాత చదువుకోవచ్చు. ముందు నాన్నను ఈ రోజే దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లు. రేపు ఉదయం డ్యూటీ అయ్యాక చూద్దాం అంటే ఒప్పుకోకు.

చచ్చిన కుక్క కరవదు, నిజమే. కానీ రేబిస్ వైరస్ ఉండేది కుక్క కోపంలో కాదు, దాని లాలాజలంలో, మెదడులో, వెన్నుపాములో. కుక్క చచ్చిన వెంటనే ఆ వైరస్ చావదు. ఎండకు త్వరగా నశిస్తుంది, చల్లదనంలో ఎక్కువ కాలం నిలుస్తుంది. బండి గుద్దిన కుక్కకు తల పగిలి ఉండవచ్చు, నోటి నుంచి రక్తం, చొంగ కారి ఉండవచ్చు. అవి అంటుకున్న ఎముక చర్మాన్ని చీల్చిందంటే వైద్యుడు దాన్ని కుక్కకాటుతో సమానంగానే చూస్తాడు. ఇంకో సంగతి కూడా ఉంది. రేబిస్ సోకిన కుక్కకు దారీతెన్నూ తెలియదు, బండి వస్తున్నా తప్పుకోదు. అది బండి కింద పడడానికి కారణం ఆ జబ్బే అయి ఉండవచ్చు. బతికున్న కుక్క కరిస్తే దాన్ని పది రోజులు గమనించే వీలుంటుంది. ఇక్కడ ఆ అవకాశమూ లేదు.

నాలుగు రోజులు గడిచాయి కదా, ఇంకేం లాభం అనుకోవద్దు. రేబిస్ లక్షణాలు సాధారణంగా వారాలు, నెలల తర్వాత బయటపడతాయి. అందుకే ఆలస్యమైనా టీకా వేయించుకోవాలి. లక్షణాలు బయటపడ్డాక మాత్రం చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. గాయాన్ని ఇప్పుడైనా సబ్బు రాసి, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం, ఆకు పసరు ఏమీ పెట్టవద్దు. చర్మం తెగి రక్తం వచ్చి ఉంటే టీకాతో పాటు గాయంలోనూ దాని చుట్టూ రేబిస్ వైరస్‌ను వెంటనే అడ్డుకునే ఒక సీరం ఎక్కిస్తారు. దాన్ని మొదటి టీకా రోజునే ఇవ్వడం మంచిది. ఏ కారణంతోనైనా ఆగితే మొదటి టీకా వేసిన ఏడు రోజుల లోపు ఇవ్వవచ్చు. ఆసుపత్రిలో ఆ సీరం లేదంటే ఎక్కడ దొరుకుతుందో రాయించుకుని అక్కడికి వెళ్లండి, వదిలేయవద్దు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో అయితే టీకా మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు వేస్తారు. కండకు ఇచ్చే పద్ధతిలో 14వ రోజున మరొకటి ఉంటుంది. ధనుర్వాతం సూది కూడా అడగండి. బొడ్డు చుట్టూ పొడిచే పాత సూదులు మన దేశంలో 20 ఏళ్ల కిందటే ఆగిపోయాయి. నాన్న తరం వారికి ఆ భయం ఇంకా ఉంటుంది కాబట్టి ఈ మాట ఆయనకు చెప్పు. పథ్యం కూడా ఏమీ లేదు. ఆసుపత్రిలో ఇచ్చే చీటీని జాగ్రత్తగా దాచండి. మళ్లీ ఎప్పుడైనా ఇలాంటి గాయమైతే అది చూపిస్తే రెండు డోసులు చాలు, సీరం అక్కరలేదు.

గాయమయ్యాకే టీకా వేయించుకోవాలని కూడా లేదు. కళేబరాలు ఎత్తేవారు, వీధి కుక్కలను పట్టేవారు ముందే మూడు డోసులు వేయించుకోవచ్చు. మొదటి రోజు, 7వ రోజు, ఆ తర్వాత 21వ లేదా 28వ రోజు. నాన్నతో పాటు ట్రాక్టరు మీద వెళ్లే అందరికీ పురపాలక సంఘమే దీన్ని వేయించాలి. అది దయతో చేసే పని కాదు.

ఇప్పుడు అమ్మ భయం గురించి. మన ఊళ్లలో అందరూ జబ్బు వాసనతో వస్తుందనుకుంటారు. అందుకే ముక్కుకు తువ్వాలు గట్టిగా చుట్టుకుని, వట్టి చేతులతో కాళ్లు పట్టి ఈడుస్తారు. కాపాడుకోవలసినది చేతిని, కాపాడుకుంటున్నది ముక్కును. కుళ్లిన మాంసం నుంచి వచ్చే వాయువులు తలనొప్పి, వాంతి తెప్పిస్తాయి, నిజం. కానీ ఆరుబయట ఆ వాసన పీల్చినంత మాత్రాన జబ్బు అంటుకోదు. జబ్బు అంటేది పగిలిన చర్మం మీద పడిన ద్రవం వల్ల, కంట్లో చిందిన చుక్క వల్ల, కడగని చేత్తో ముట్టించిన బీడీ వల్ల, నోట్లో వేసుకున్న ఖైనీ వల్ల. చచ్చిన జంతువు ఒళ్లు చల్లబడగానే దాని మీది గోమార్లు, పిడుదులు వెచ్చటి ఒంటి కోసం బయలుదేరతాయి. ఆ సమయంలో దగ్గరున్న వెచ్చటి ఒళ్లు ఎత్తేవాడిదే. తువ్వాలు వీటిలో ఒక్కదాన్నీ ఆపదు.

వాసనకు నిజంగా భయపడవలసిన చోటు ఒకటుంది. బావిలోనో, మ్యాన్‌హోల్‌లోనో, సెప్టిక్ ట్యాంకులోనో పడి చచ్చిన జంతువు. అలాంటి మూసిన చోట హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకుంటుంది. మొదట కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి అసలు వాసనే తెలియదు. వాసన తగ్గింది కదా అని దిగినవాడు మళ్లీ పైకి రాడు. అతన్ని కాపాడబోయి వెనకే దిగినవాడూ రాడు. నాన్న చేత ఈ ఒక్క మాట ఒట్టు వేయించుకో. కింద పడిన జంతువును కొక్కెంతో, తాడుతో, యంత్రంతో పైనుంచే తీయాలి. ఎవరు చెప్పినా దిగకూడదు.

ఇక ఎలా ఎత్తాలో చెబుతాను. రోడ్డు మీద కళేబరం ఉందంటే అన్నిటికన్నా పెద్ద అపాయం వెనకనుంచి వచ్చే లారీ. వంగి పనిచేసే మనిషి డ్రైవరుకు కనిపించడు. మెరిసే జాకెట్ వేసుకోవాలి, ట్రాక్టరును కళేబరానికి అడ్డంగా వాహనాలు వచ్చే వైపున నిలపాలి, ఒకరు ఎర్ర జెండాతో కాస్త దూరాన నిలబడాలి. జాతీయ రహదారి అయితే రహదారుల సహాయ నంబరు 1033కు ఫోను చేసి గస్తీ బండిని రప్పించుకోవచ్చు. కోతి కరెంటు తీగ మీద చచ్చి వేలాడుతుంటే విద్యుత్ లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపానని చెప్పేదాకా కర్రతో కూడా తాకకూడదు. చచ్చిన పామును పారతోనే ఎత్తాలి. తెగిపడిన పాము తల కూడా కొంతసేపు కాటు వేయగలదు.

కుక్క, పిల్లి, కోడి వంటి చిన్న జంతువులకు చేత్తో పనే లేదు. వెడల్పాటి పారతో దట్టమైన సంచిలోకి నెట్టి, మూతి కట్టి, ఆ సంచిని ఇంకో సంచిలో పెట్టి మళ్లీ కట్టాలి. ఆస్పత్రుల్లో వాడే పల్చటి గ్లౌజులు ఎముకకు చిరిగిపోతాయి. లోపల అవి వేసుకుని, పైన మోచేతి దాకా వచ్చే దళసరి రబ్బరు గ్లౌజులు వేసుకోవాలి. మోకాలి దాకా గమ్ బూట్లు, ముందు రబ్బరు ఆప్రాన్, కళ్లకు అద్దాలు. చెప్పులతో ఈ పనికి వెళ్లకూడదు. గేదె, ఆవు వందల కిలోలు ఉంటాయి. వాటిని నలుగురు కలిసి ఎత్తబోతే నడుములు పోతాయి. కాళ్లకు తాడు కట్టి టార్పాలిన్ మీదికి దొర్లించి, జేసీబీతోనే బండిలోకి ఎక్కించాలి. నేల మీద ఈడ్చుకుంటూ పోతే కారిన రక్తం వీధి పొడవునా పడుతుంది. ఉబ్బిన పొట్ట మీద కాలు వేయడం, గాలి పోవాలని పొడవడం అసలు చేయకూడదు. లోపలి ద్రవం ఎత్తేవారి ముఖం మీదే చిందుతుంది.

కళేబరం తీసిన చోట బ్లీచింగ్ పొడి ముగ్గులా చల్లి వెళ్లిపోవడం అన్ని ఊళ్లలోనూ చూస్తాం. అది చూసేవారి తృప్తికి తప్ప దేనికీ పనికిరాదు. రక్తం, మలం మీద నేరుగా చల్లిన బ్లీచింగ్ శక్తి వాటితోనే ఖర్చయిపోతుంది. మురికిని ముందు మట్టితోనో రంపపు పొట్టుతోనో పీల్పించి పారతో ఎత్తేయాలి. ఆ తర్వాత లీటరు నీటికి 30 నుంచి 35 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లు పోసి పది నిమిషాలు వదలాలి. ఏ రోజుకా రోజు కలుపుకోవాలి. మూత తీసిన బస్తా వారాల తరబడి పడి ఉంటే అందులో మిగిలేది సున్నమే. యాసిడ్‌తో బ్లీచింగ్‌ను ఎప్పుడూ కలపకూడదు, ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు వస్తుంది. పారలు, తాళ్లు, బండి తొట్టి కూడా ఈ నీళ్లతోనే కడగాలి. చేతులకు మాత్రం సబ్బే. గ్లౌజులు తీసేటప్పుడు వాటి బయటి వైపు వట్టి చేతికి తగలకుండా లోపలిది బయటికి తిరగేసి తీయాలి. చాలామంది జాగ్రత్త అంతా తీసుకుని ఇక్కడ వదిలేస్తారు.

కొన్ని కళేబరాలను నాన్న అసలు ముట్టుకోకూడదు. పశువైద్యుడిగా నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే. నిన్న సాయంత్రం దాకా మేత మేసిన ఆవు, మేక, గొర్రె పొద్దుటికి చచ్చి పడి ఉంటే, ముక్కు, నోరు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే, పొట్ట త్వరగా ఉబ్బిపోయి కాళ్లు పూర్తిగా బిగుసుకోకుండా ఉంటే అది దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్ కావచ్చు. దాన్ని కోయకూడదు, తోలు ఒలవకూడదు. లోపలి రక్తానికి గాలి తగిలితే ఆ సూక్ష్మజీవి గట్టి పెంకు కట్టుకుని మట్టిలో దశాబ్దాల పాటు బతుకుతుంది. చచ్చిన పశువును కోసి మాంసం పంచుకున్నవారికి చేతుల మీద నల్లటి పుండ్లు లేచిన ఉదంతాలు విశాఖ మన్యంలో ఉన్నాయి. ఇలాంటి కళేబరం కనబడితే కుక్కలు, కాకులు, మనుషులు దగ్గరికి రాకుండా కాపలా పెట్టి పశువైద్యాధికారికి కబురు చేయాలి. పశువైద్య సేవల నంబరు 1962కు ఫోను చేసినా కబురు చేరుతుంది. పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ కోసం 2009లో చట్టమే వచ్చింది. అనుమానం ఉంటే తెలియజేయడం కార్మికుడి ఇష్టాయిష్టాల విషయం కాదు, అందరి బాధ్యత. ఆ కళేబరాన్ని ఏం చేయాలో, ఎక్కడ కాల్చాలో, ఎక్కడ పూడ్చాలో పశువైద్యుడు దగ్గరుండి చేయించాలి.

కాకులో, బాతులో, కోళ్లో ఒకేసారి గుంపుగా చస్తే కూడా అంతే. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది కదా. ఈక, ఎండిన రెట్ట దుమ్ముగా లేస్తాయి కాబట్టి ఇక్కడ తువ్వాలు కాదు, ఎన్-95 మాస్కు కావాలి. ఈసుకుపోయిన, అంటే నెలలు నిండకుండానే పడిపోయిన గేదె దూడ, మాయ చూడడానికి చిన్నవిగా ఉంటాయని కార్మికులు తేలిగ్గా తీసుకుంటారు. బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి ఉంటే అన్నిటికన్నా ఎక్కువగా అందులోనే ఉంటుంది. అది మనిషికి సోకితే నెలల తరబడి వచ్చి పోయే జ్వరం, కీళ్ల నొప్పులు. మందు పెట్టకుండానే ఎలుకలు వరుసగా చస్తుంటే 1994 సూరత్ ప్లేగు గుర్తుకు రావాలి. అక్కడి ఆరోగ్య అధికారికి చెప్పకుండా ఒక్క ఎలుకను కూడా ఎత్తకూడదు. విషం పెట్టి చంపిన కుక్కల నోటి చుట్టూ, వాంతిలో ఆ విషం ఉంటుంది, కొన్ని విషాలు చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతాయి. అక్కడ పోలీసులు, పశువైద్యుడు వచ్చేదాకా ఆగాలి. ఎవరినైనా కరిచి ఆ తర్వాత చచ్చిన కుక్క అయితే దాని తల చితకకుండా ఉంచాలి. రేబిస్ పరీక్షకు కావలసింది మెదడు.

ఎత్తినదాన్ని ఏం చేయాలన్నది నాన్న చేతిలో లేదు, కానీ ఆయనకు తెలిసి ఉండాలి. డంపింగ్ యార్డులో చెత్త మీద పడేయడం అంటే కుక్కలకు పంచిపెట్టడమే. కాల్చే యంత్రం ఉన్న ఊళ్లు తక్కువ. లేని చోట ఆరడుగుల గొయ్యి తీసి పూడ్చాలి. బావులు, బోర్లు, కాలువలకు దూరంగా, అడుగున నీరు ఊరని చోట. పైన కనీసం మూడు నాలుగు అడుగుల మట్టి ఉంటేనే కుక్కలు తవ్వలేవు. ఒకప్పుడు ఈ పనిలో సగం రాబందులు చేసేవి. పశువులకు వాడిన డైక్లోఫినాక్ అనే నొప్పి మందు కళేబరాల ద్వారా వాటి ఒంట్లోకి చేరి మూత్రపిండాలను చంపింది. 2006లో పశువులకు ఆ మందు నిషేధించేనాటికే దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అవి తినవలసిన మాంసం మీద ఇప్పుడు కుక్కలు పెరుగుతున్నాయి. నాన్నకు ఇంత పని పడడం వెనక ఇదీ ఉందమ్మా.

ఇంటి విషయం. పని బట్టలు వేరు, ఇంటి బట్టలు వేరు కావాలి. పని చోటే సబ్బు, నీళ్లు, బట్టలు మార్చుకునే గది ఉండాలి. అవి ఏర్పాటయ్యేదాకా ఇంటి బయటే ఒక మూత ఉన్న బకెట్ పెట్టండి. నాన్న రాగానే బూట్లు గుమ్మం అవతలే వదిలి, బట్టలు అందులో వేసి, స్నానం చేశాకే తమ్ముణ్ణి ఎత్తుకోవాలి. ఆ బట్టలను విడిగా డిటర్జెంట్‌లో నానబెట్టి ఉతికి మంచి ఎండలో ఆరేస్తే చాలు. ఉతికేవారికి చేతి మీద పుండ్లు, పగుళ్లు ఉంటే గ్లౌజులు వేసుకోవాలి. ఇంతకు మించి నాన్నను దూరం పెట్టవలసిన అవసరం ఎవరికీ లేదు. ఆయన పక్కన కూర్చుని అన్నం తినండి. తరతరాలుగా ఈ పనిని కొందరి నెత్తిన పెట్టి, వాళ్లనే అంటరానివారన్న సమాజం మనది. శుభ్రత పేరుతో అదే ఇంట్లోకి రాకూడదు.

మందు గురించి ఆయన్ని తిట్టవద్దు. ఆ వాసనలో పనిచేయలేక తాగడం మొదలుపెట్టేవారు ఈ పనిలో చాలామంది ఉన్నారు. కానీ తాగినప్పుడు చెయ్యి ఎక్కడ పెడుతున్నామో తెలియదు, లారీ ఎంత దూరంలో ఉందో అంచనా ఉండదు, ఎండలో ఒళ్లు తొందరగా నీరు కోల్పోతుంది. గాలి తన వీపు మీదుగా కళేబరం వైపు వీచేలా నిలబడి పనిచేయమను. పని మొదలుపెట్టేముందే శుభ్రమైన చేత్తో మాస్కు బయటి వైపు కాస్త నొప్పుల బామ్ రాసుకోవచ్చు. పని మధ్యలో మాత్రం చెయ్యి ముఖం దగ్గరికి పోకూడదు. వేసవిలో కళేబరం కొన్ని గంటల్లోనే ఉబ్బుతుంది. ఫిర్యాదు రాగానే, తెల్లవారే సరికే ఎత్తే ఏర్పాటు ఉంటే వాసన సగం తగ్గుతుంది. రోజూ ఆయనకే ఫోను చేయకుండా వంతులు వేయమని అడగాలి. తాగుడు అలవాటుగా మారిందని మీకు అనిపిస్తే అదే ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి కలవండి.

జ్వరం, ఒళ్లు నొప్పులు, కళ్లు ఎర్రబడడం, నొప్పి లేని నల్లటి పుండు, వీటిలో ఏది కనిపించినా వైద్యుడికి “నేను చచ్చిన జంతువులను ఎత్తే పని చేస్తాను” అని ముందుగా చెప్పాలి. సిగ్గుపడి ఆ మాట దాచడం వల్ల జంతువుల మూత్రం ద్వారా సోకే ఎలుక జ్వరాన్ని (లెప్టోస్పైరోసిస్) మామూలు జ్వరం అనుకుని రోజులు వృథా చేసుకున్నవారిని చూశాను. వేళకు మందులిస్తే తగ్గే జబ్బు అది. ఆలస్యమైతే కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

చివరగా, అడగవలసినవారిని అడగడం. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెత్త పనివారికి యూనిఫాం, మెరిసే జాకెట్, గ్లౌజులు, రెయిన్‌కోటు, తగిన పాదరక్షలు, మాస్కులు అందేలా చూడవలసిన బాధ్యత స్థానిక సంస్థదని స్పష్టంగా రాశారు. కాంట్రాక్టరు ద్వారా పనిచేసేవారికీ అది వర్తిస్తుంది. కళేబరాలు ముట్టుకునే పనిలో సోకిన అంటువ్యాధిని వృత్తి వ్యాధిగా ఉద్యోగుల పరిహార చట్టం గుర్తించింది, 2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి మూడో షెడ్యూలులోనూ అది ఉంది. జీతంలో ఈఎస్‌ఐకి కోత పడుతుంటే ఆ కార్డుతో చికిత్స, పనికి వెళ్లలేని రోజులకు డబ్బు వస్తాయి. అయితే గాయం పనిలోనే అయిందన్న రుజువు కావాలి. నాన్న గాయం సంగతి ఇప్పటిదాకా ఎక్కడా రాతలో లేదు. అందుకని ఆసుపత్రి నుంచి రాగానే నువ్వే కూర్చుని కమిషనర్ పేరున ఒక అర్జీ రాయి. ఏ తేదీన, ఏ వీధిలో, ఎవరు పంపితే కుక్క కళేబరం ఎత్తారో, గాయం ఎలా అయిందో, ఆ రోజు గ్లౌజులు ఇచ్చారో లేదో రాయి. ఆసుపత్రి చీటీ నకలు జతచేయి. కింద నాన్న పేరు ఒక్కటే కాకుండా, ట్రాక్టరు మీద వెళ్లే మిగతావారి సంతకాలు కూడా తీసుకుని దళసరి గ్లౌజులు, బూట్లు, కళ్లద్దాలు, ముందస్తు రేబిస్ టీకా, పని చోట సబ్బు నీళ్లు కావాలని వరుసగా అడగండి. ఒక ప్రతి శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు, ఒకటి కాంట్రాక్టరుకు ఇవ్వండి. కార్యాలయంలో ఇచ్చేటప్పుడు మీ దగ్గరుండే ప్రతి మీద “అందినది” అన్న ముద్ర, తేదీ వేయించుకోవడం మరచిపోవద్దు.